పడవకో వాటా

వచ్చే నెల్లో న్యాక్ బృందం వస్తోందట.
సూపరింటెండెంటు పాపారావు పత్రం నా బల్ల మీద పరిచి
వేలితో ఒక గడి చూపించాడు:
"ఇది ఖాళీగా ఉండకూడదు మేడమ్.
సమాజసేవ. ఎన్ని గంటలు, ఎక్కడ, ఎందరికి.
ఫొటోలుంటే అంటించండి. బ్యానరు కనపడాలి."

ఇరవై రెండేళ్లుగా మద్దిలపాలెంలో ఒక మేడ మీద
గణిత బోధనా పద్ధతులు చెబుతున్నాను:
పాఠ్యపథకం ఎలా రాయాలి,
బోర్డు మీద రాస్తూ పిల్లలకి వీపు ఎంతసేపు చూపించొచ్చు,
సుద్దముక్క కీచుమనకుండా ఎక్కడ విరవాలి.
బడిలో చెప్పబోయేవాళ్లకి చెప్పేదాన్ని.
బడి నాకెప్పుడూ ఒక మెట్టు కిందే,
రెయిలింగు మీంచి చూసేది.

గంటలు కావాలంటే శనివారాలు తవ్వాలి.
ఆరిలోవలో వానాకాలమంతా చెప్పిన ఎక్కాలు సేవేనా?
తుఫాను తర్వాత తడిసిన పుస్తకాలు
డాబా మీద ఇటుకలు పెట్టి ఆరబెట్టడం?
అప్పుడు గంటలెవరు చూశారు.

ఆ శనివారం మాత్రం గుర్తుంది. పెదజాలారిపేట.
కిటికీలోంచి ఎండుచేపల వాసన, అలల చప్పుడు.
మా ట్రెయినీ కిల్లో సుమిత్ర, అరకు అవతలి పిల్ల,
ఐదో తరగతికి భాగహారం చెబుతోంది.
వెనక బెంచీలో నేను,
మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే
ఒళ్లో పరిశీలన పుస్తకం.

"నలుగురు వేటకెళ్లారు. అరవై చేపలు పడ్డాయి.
ఒక్కొక్కరికి ఎన్ని?"

పదిహేను, అని మార్జిన్లో రాసేసుకున్నాను.

మైలపల్లి ఎల్లాజీ లేచాడు.
చొక్కాకి రెండే గుండీలు.
"పది, టీచర్."

సుమిత్ర నా వైపు చూసింది.
నేను ఎర్ర పెన్ను మూత తీశాను.

"పడవకో వాటా ఉంటాది గదా టీచర్. వలకో వాటా.
పడవేటి, ఊరికే వత్తాదేటి?"

క్లాసంతా నవ్వింది. వాడిని చూసి కాదు.

బయట తట్ట దించుకున్న వాళ్ల మామ్మ నూకాలు
మిగతాది చెప్పింది:
వల చిరిగితే సగం వాటాయే,
ఇంజను పెడితే నూనె డబ్బులు ముందు తీసెయ్యాలి,
మగడు సంద్రంలో పోయిన ఇంటికి
ఎన్నోకొన్ని చేపలు వెళ్తాయి,
ఆ లెక్క మాత్రం అడగొద్దు.

బస్సులో సుమిత్ర చాలాసేపు మాట్లాడలేదు.
ఎంవీపీ దాటాక అంది:
"మా ఊళ్లో పసుపు తవ్వితే ఎడ్లకీ వాటా తీస్తారు మేడమ్."
ఏడాదిగా నా క్లాసులో మూడో వరసలో కూచుంటుంది.
నేనెప్పుడూ అడగలేదు.
ఎర్ర పెన్ను మూత ఎక్కడో పడిపోయినట్టుంది,
బ్యాగంతా సిరా.

"గంటలు?" అన్నాడు పాపారావు.
మూడు.
"ముప్పై వేసేద్దాం మేడమ్, ఎవరు చూడొచ్చారు."
మూడే.
ఫొటో లేదు. బ్యానరు లేదు.

లబ్ధిదారుల సంఖ్య అని ఆఖరి గడి.
ఆ రోజు హాజరు ముప్పై నాలుగు.
రాశాను. కొట్టేశాను.
ముప్పై ఆరు అని రాశాను.

"హాజరు పట్టీలో ముప్పై నాలుగే ఉంది మేడమ్,
కూడిక తప్పింది."
తప్పలేదన్నాను.

పాపారావు కళ్లజోడు పైకి తోసుకుని
మళ్లీ మొదటి పేరు నుంచి లెక్కపెట్టడం మొదలెట్టాడు.