పింగాణీ పిడి

పోర్తోలో మా సందు నిట్టనిలువు,
మా మేడ ఇంకా నిలువు.
పై వాటాలో ఎర్మెలిండా
తెల్లారగట్ల అయిదింటికి గొలుసు లాగితే
కప్పు కిందున్న ఇనుప తొట్టి ఒక్కసారి దగ్గి,
నా తలాపు గోడలోంచి
వానాకాలం మొత్తం దిగిపోయేది.
తిట్టుకుంటూ ఇటు తిరిగి పడుకునేదాన్ని.

మొన్న మంగళవారం అడెరితో వచ్చాడు.
తుప్పు బోల్టుల్ని రంపంతో కోశాడు,
సీసపు గొట్టాన్ని చూసి కాబోలు
ఈల వేశాడు, కిందికి వినిపించింది.
కొత్తది తెల్లగా, పొట్టిగా,
నెత్తిన రెండు మీటలు:
చిన్నపనికొకటి, పెద్దపనికొకటి.
"చప్పుడనేదే ఉండదిక" అని
మెట్ల మీద నాకూ చెప్పాడు
అదేదో వరమిచ్చినట్టు.

బుధవారం అయిదు. గోడ పలకలేదు.
గురువారం అయిదు, అయిదున్నర,
ఆరు.
శుక్రవారం చెప్పులైనా లేకుండా
నలభైరెండు మెట్లెక్కి తలుపు బాదాను.

నోట్లో పళ్ల బ్రష్షుతో తీసింది.
"ఏం, పోయాననుకున్నావా?"
"నీళ్లు రావట్లేదేమోనని" అన్నాను.
నా కాళ్ల వైపు చూసింది,
ఏమీ అనలేదు.

ఇప్పుడు రోజూ అయిదింటికి
పాత గొలుసు చివరి పింగాణీ పిడితో
నా కప్పు మీద రెండు దెబ్బలు.
తిట్టుకుంటూ
ఇటు తిరిగి పడుకుంటాను.