నోరు తెరిచిన ఎనిమిది

జీతాల మర్నాడు
కాగితం మిల్లు గేటు బయట, టీ బడ్డీ దగ్గర
సుంబారి నన్ను ఆపింది.
కద్రక సుంబారి. వెదురు యార్డు. టోకెన్ నూట పదిహేడు.
అరవలేదు, ఏడవలేదు.
కొంగుముడి విప్పి
కేంటీను కూపన్ల సగం ముక్కలు ఆరు
బల్ల మీద వరసగా పేర్చింది,
సంతలో ఎండుచేపలు పేర్చినట్టు.

"నాలుగ్గంటల ఓటీకి తిండెట్టరు కద బాబూ,
ఎనిమిదైతేనే పెడతారు.
ఆరు రాత్రులు తిన్నాను.
మరి నా సొమ్మేది?"

ఇరవై నాలుగ్గంటలు. గంటకి అరవై రెండు.
పద్నాలుగు వందల ఎనభై ఎనిమిది.
ఆమెకి గుణకారం రాదు. నాకొచ్చు.
అందుకే ముందు చెమట నాకు పట్టింది.

కొల్నారా సంతలో మేకపిల్లకి బయానా ఇచ్చిందట.
మిగతాది ఈ వారం కట్టకపోతే
బయానా కూడా పోతుందట.

ఆఫీసులో నిరాకార బిసోయి మంచివాడే.
చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
కంప్యూటర్లో చూపించాడు:
నాలుగు, నాలుగు, నాలుగు, ఆరుసార్లు నాలుగు.
"మీ రిజిస్టరు చూసే కొట్టాను, తవిటయ్య బాబూ."

తెరిచాం.
నా చెయ్యే. నా నీలం సిరాయే.
నా ఎనిమిదికి పైన మూత పడదు.
పార్వతీపురం బళ్ళో రెండో తరగతిలో
గంట కొట్టేలోగా ఎక్కం పూర్తిచేయాలని
పరిగెత్తడం నేర్చిన చెయ్యి
ఇప్పటికీ ఆగలేదు.
కింద సున్నా చుట్టి, పైన రెండు కొమ్ములు వదిలేసి
పక్క పేరుకి పోతుంది.

ఒడియాలో అది నాలుగు.
బిసోయి తెల్లకాగితం మీద రాసి చూపించాడు.
రెండూ పక్కపక్కన పెడితే
కవలలు.
ఒకడి కూడు ఇంకొకడు తిన్నాడు.

దరఖాస్తు పెట్టాలన్నారు.
ఒడియాలోనో, ఇంగ్లీషులోనో.
ఆమెది కువి, నాది తెలుగు.
నేను చెప్పాను, బిసోయి రాశాడు, ఆమె వేలిముద్ర వేసింది.
కారణం అన్న గడి దగ్గర
పెన్ను ఎత్తి నా మొహంలోకి చూశాడు.
రాయమన్నాను: టైంకీపరు చేతిరాత.

"వచ్చే నెల జీతంలో కలుస్తుంది" అన్నాడు.
"మేకపిల్ల వచ్చే నెల దాకా మేకపిల్లలా ఉంటదా?" అంది.

బయటికొచ్చాక జేబులోంచి
మూడు అయిదొందల నోట్లు తీశాను.
చెయ్యి వెనక్కి లాక్కుంది.
"నీ సొమ్ము నాకేల?
నా సొమ్ము అడిగేను."

ఇప్పుడు అంకె వెయ్యను, అక్షరాల్లో రాస్తాను.
మొదటిరోజు తెలుగులో ఎనిమిది అని రాస్తే
బిసోయి పుస్తకం అటూ ఇటూ తిప్పి
"మీవీ గుండ్రమే, మావీ గుండ్రమే,
ఒక్కటీ చదవడానికి రాదు" అని నవ్వాడు.
ఆ రోజు నుంచి ఒడియాలో, ఆఠ అని,
యాభై రెండేళ్ళ వయసులో, నాలిక కొంచెం బయట పెట్టి.
సుంబారి షిఫ్టు దిగి వచ్చి
గీతల మీద కాదు, నా చేతి మీద కళ్ళు పెట్టి నిలబడుతుంది.
"దీని నోరు మూసేవా?"
మూశానంటాను. నమ్మినట్టు కనపడదు.

బిసోయి ఆ కుర్చీలోకొచ్చి పద్నాలుగు నెలలు.
ముందున్న గుమస్తా బొబ్బిలివాడు,
నా ఎనిమిదిని ఎనిమిదనే చదివేవాడు.
పద్నాలుగు రిజిస్టర్లూ బీరువా మీంచి దింపించాను.
రాత్రి షిఫ్టు కూత అయిపోయింది.
గుజ్జు వాసన కిటికీలోంచి వస్తోంది.
పేర్లు వేరే కాగితం మీదికి ఎక్కిస్తున్నాను.
మెలక జొగిలి, రెండు రాత్రులు.
హికాకా లచ్చ, అయిదు.

పొట్నూరు దాలినాయుడు,
మార్చిలో మూడు, ఏప్రిల్లో ఏడు.
మనిషి సూరత్ వెళ్ళిపోయాడు. నంబరు మారిపోయింది.
ఆ ఏప్రిల్లోనే అనుకుంటా,
కేంటీన్లో నా పక్కన కూచుని
"ఏటో తవిటయ్యా, ఎంత చేసినా
జీతం చేతిలో నిలవట్లేదు" అన్నాడు.

ఖర్చు తగ్గించుకోరా అన్నాను.