తలుపు తట్టే వారం

హాంకాంగులో వీధుల్ని గుత్తులుగా కట్టి
ఒక్కో గుత్తికి వల అని పేరు పెట్టారు.
మాది ముప్పై రెండో వల.
తాయ్ కోక్ చోయ్ ఆరేళ్ల పిల్లలందరూ
అందులోనే పడాలి.
ఏ చేప ఏ గంపలోకో
జూన్‌లో కంప్యూటరు చెబుతుంది.

అంతకుముందే పాయింట్లు లెక్కపెట్టుకున్నాం.
తొలి కాన్పు గనక ఐదు.
వయసు సరిపోయింది గనక పది.
ఏ దేవుడి ఖాతాలోనూ మా పేర్లు లేవు గనక అక్కడ సున్నా.
నేను చదివిన బడైతే ఇంకో పది ఇచ్చేదే,
అది మూతబడి ఇప్పుడు టైర్ల గోదాము.
మొత్తం పదిహేను.
ఇరవై ఉన్నవాళ్లకే చీటీలు వేస్తున్నారట.
మేం వాళ్ల గొడుగుల వెనక నిలబడి చూశాం.

తర్వాత ముప్పై బళ్ల పేర్లు రాయమన్నారు.
ఇరవై ఏడోది వచ్చింది.
ఫ్లైఓవరు కింద, గడి ఖాళీగా ఉండకూడదని రాసిన పేరు.
ఆ చేతిరాత నాదంటాడు సీ-హోన్,
అతనిదంటాను నేను.
ఆ రాత్రి అన్నాలు తిన్నాక కూడా
అదే వాదించుకున్నాం, పిల్ల నిద్రపోయిందనుకుని.

ఓడినవాళ్లకి ఇక్కడ ఇంకో ఆచారం ఉంది:
తలుపు తట్టడం.
ఫైలు పట్టుకుని బడి బడికీ తిరగాలి.
నలభై రెండు పేజీల నా కూతురు.
ఈతలో రెండో బహుమతి.
అబాకస్‌లో, పాల్గొన్నందుకు.
ఐదో పేజీలో నవ్వు, స్టూడియోలో మూడోసారి తీయించింది.
మొదటి రెండింట్లో
ఊడిన పన్ను సందు కనబడిందని.
ఆ పన్ను ఊడిన రోజు
దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని
లిఫ్టులో ఎక్కినవాళ్లకల్లా చూపించింది హోయ్-కే.
ఆ సంగతి ఏ పేజీలో పెట్టాలో నాకు తెలియలేదు.

మేం మొదట రాసుకున్న బడి ముందు
నాలుగు గంటలు వానలో వరస.
ముందు నిలబడ్డావిడ తన ఫైలుని
పసిబిడ్డకు కప్పినట్టు రెయిన్‌కోటు కప్పింది.
బిడ్డ మాత్రం పక్కన తడుస్తున్నాడు.
నేను నవ్వబోయి
నా చేతుల్లోకి చూసుకున్నాను.

గేటు దగ్గర ఒక నీలం ప్లాస్టిక్ పెట్టె,
బజార్లో రొయ్యలు మోసేలాంటిది.
"ఇందులో వెయ్యండి, కబురు చేస్తాం" అన్నాడు కాపలాదారు.
వేశాను.
ఎవరి నలభై పేజీల మీదో మావి పడ్డాయి.

"అమ్మా, మనం తట్టనే లేదుగా?"
అంది హోయ్-కే.
చెయ్యి విడిపించుకుని వెళ్లి
ఇనుప గేటు మీద రెండు వేళ్లతో కొట్టింది.
అలవాటుకొద్దీ కాపలాదారు
"ఎవరు?" అన్నాడు.
"నేనే" అంది.

కబురు రాలేదు.
ఎదురింటి యీప్ గారి మనవడికి వచ్చింది.
మంచి మాటే చెప్పి వచ్చి
కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

జూలైలో ఆ బడిలోనే లిఫ్టు ఆగిపోయింది.
కంపెనీ సీ-హోన్‌ని పంపింది.
పనిముట్ల సంచీ చూడగానే
రెండు రెక్కలూ బార్లా తీసి
గొడుగు పట్టుకుని మరీ లోపలికి తీసుకెళ్లారట.
పేరు కూడా అడగలేదట.

"బాగు చేశావా?" అడిగాను.
నా గొంతులో ఏముందో నాకే సిగ్గేసింది.
చాలాసేపు బూట్లు విప్పుతూనే ఉన్నాడు.
"చెయ్యకపోతే ఎట్లా. పిల్లలెక్కేది."

హోయ్-కే పక్కగదిలోంచి వచ్చింది.
"లోపల ఎట్లా ఉంది నాన్నా?"
"మామూలే. కుర్చీలు ఇంతింతవి."
"నాకు సరిపోతాయా?"

సరిపోతాయన్నాడు,
చేతికి గ్రీజుందని
తల నిమరబోయి ఆగి.