పళ్ళెం ఇంకా ఊగుతోంది

ముప్పై ఎనిమిది కొత్తవి వచ్చాయంది యంత్రం.
ఒకటి మాత్రం ఆపి ఉంచానంది.

అర్ధరాత్రి. వాగుర్ రేవులో గాలి
చేపల ఫ్యాక్టరీ రేకుల్ని పట్టుకుని పీకుతోంది.
ఐదింటికి పడవలొస్తాయి,
కాడ్ చేపలు, హాడక్ చేపలు, వాటి వెనకే రసీదులు.
తూకం గదిలో నేనూ, కాఫీ మరకల కీబోర్డూ,
కడుపులో ఏముందో విప్పి చూపించే ఈ లినక్సూ.

ఆగింది ఏదో చూద్దామని తీగ లాగాను.
డొంకంతా కదిలింది.
రసీదుల ప్రోగ్రాం తూకాల ప్రోగ్రాం మీద,
తూకాలది ఇంకోదాని మీద,
ఆ ఇంకోటి ఒక బుల్లి లైబ్రరీ భుజం మీద.
మూడొందల పన్నెండు వరుసలు, అంతే.
కాటా గొణిగేది విని అంకె రాసిపెట్టే గుమాస్తా.
సంరక్షకుడి పేరుండాల్సిన చోట
ఒకటే మాట: అనాథ.

మార్పుల చిట్టా తెరిచాను.
పద్దెనిమిదేళ్ళు ఒకటే సంతకం,
విటోల్డ్, ఓల్ష్టిన్, పోలండ్.
"చివరి సున్నా రాలిపోతోంది. సరిచేశాను."
"నిన్న సరిచేసింది తప్పు. మళ్ళీ సరిచేశాను."
"చలికి కేబుల్ బిగుసుకుంటే తప్పు నాది కాదు."
"కంటి ఆపరేషన్ వల్ల ఆలస్యం. మన్నించండి."
ఆ తర్వాత నాలుగేళ్ళు ఏమీ లేదు.
ఎవరో మర్యాదగా మూడు ఉత్తరాలు రాసి
జవాబు రాక, పేరు తీసేసి వెళ్ళారు.

దత్తతకి ఇక్కడ సాక్షులక్కర్లేదు.
ఒక ఫైల్లో ఒక వరుస.
సున్నువా, అని నా పేరు కొట్టాను.
హక్కుల కాగితంలో అతని పేరుందో లేదో
రెండుసార్లు చూసుకున్నాను. ఉంది.
దాన్ని ఎవరూ తీయలేరు.

ఇక కొత్త కోడలి హుషారు!
పాత డబ్బాలన్నీ దించి తుడిచాను.
ఎక్కడో మధ్యలో, ఏ కారణమూ లేకుండా,
మూడొందల మిల్లీసెకన్లు ఊరికే నిలబడే వరుసొకటి,
పైన నాకు రాని భాషలో ఏదో ముక్క.
దండగ, అని తీసేశాను.
మూట కట్టాను, ముద్ర వేశాను, ఎక్కించాను.
ఆగినవి: సున్నా.
ఆ సున్నా చూసి నిద్రపోయాను, కుర్చీలోనే.

మొదటి పెట్టె నలభై ఒకటి.
అదే పెట్టె నలభై నాలుగు.
అదే పెట్టె, ఒట్టు, ముప్పై తొమ్మిది.
టోర్‌ఫిన్నుర్ టోపీ వెనక్కి నెట్టి అడిగాడు:
"నా చేపలింకా ఈదుతున్నాయంటావా?"

చెవులు కాలిపోతుండగా
పాత మూట వెతికి మళ్ళీ దింపాను.
(పాతవి పారేయదు ఈ వ్యవస్థ,
అటక మీద దాస్తుంది. దానికి దండం.)

టీ విరామంలో కోత బల్ల దగ్గరికి వెళ్ళి
బోగ్నాకి ఫోన్‌లో ఆ ముక్క చూపించాను.
చేతిలో కత్తి, ముంజేతి దాకా పొలుసులు,
మెడ చాచి చదివింది.
"ఆగు. పళ్ళెం ఇంకా ఊగుతోంది."
మళ్ళీ చదివి నవ్వింది.
"ఇది కంప్యూటర్ల మనిషి రాసింది కాదు,
కొట్లో కూచున్నవాడు రాసింది."

కొట్టుందో లేదో నాకు తెలీదు.
ఆ కన్ను బాగైందో లేదో అదీ తెలీదు.
ఆ వరుస ఉన్నచోటే పెట్టాను,
అతని భాష అలాగే ఉంచి
కింద మా ఫారో మాటల్లో ఇంకోసారి రాశాను.
చిట్టాలో: "ఒక వరుస తీసేశాను.
నాకు అర్థం కాలేదు కాబట్టి తీసేశాను. తిరిగి పెట్టాను."

ఎక్కడో ఏ పిండిమిల్లులోనో, ఏ తపాలా గదిలోనో
ఎవరో రేపు 'సరే' అని కొడతారు,
ముప్పై ఎనిమిదింటి మధ్య ఇదీ దిగుతుంది,
పేరు కూడా చదవరు. చదవక్కర్లేదు.

పెట్టె దిగుతుంది. గొలుసు కిర్రుమంటుంది.
అంకె రావడానికి ముందు
మూడొందల మిల్లీసెకన్లు.
ఓ మనిషి చెయ్యి కాస్త పైకెత్తి
ఉండు, అన్నంత సేపు.