కుర్చీ మారినప్పుడు

జనవరిలో వంతెన దాటితే
గంట వెనక్కి పోతుంది.
బుల్‌హెడ్ సిటీలో పది, నది ఇవతల లాఫ్లిన్‌లో తొమ్మిది.
ఊరికే దొరికిన ఆ గంటని
పావు డాలర్లు చేసి మిషన్లో పోస్తుంటాను.

మొదట జాకీల ఆట.
జాకీల జత పడితే పెట్టింది తిరిగొస్తుంది,
ఒంటి రాణి వచ్చినా వదలకూడదు.
నెల తిరిగేసరికి వేళ్ళకి వచ్చేసింది,
కళ్ళతో పని లేకుండా.

తర్వాత పక్క కుర్చీ. రెళ్ళ ఆట.
ఇక్కడ రెండంటే ఏ వేషమైనా కట్టే ముక్క.
రాజుల జత పడ్డా పైసా రాలదు,
ముగ్గురు కలవాల్సిందే.
నా వేళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
ఇస్పేటు రాణిని పట్టుకున్నాను,
బస్టాండులో పాత చుట్టాన్ని పట్టుకున్నట్టు.
ఐదూ పారేయాల్సిన చోట నాలుగే పారేశాను.
రెండు జతలొస్తే రెండూ దాచుకున్నాను,
ఒకటి వదిలెయ్యమంటుంది లెక్క.

వెర్నా నవ్వింది.
ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళోనే ముక్కలు పంచిన మనిషి,
మణికట్టుకి ఇంకా కట్టు.
"లేచి నది దాకా నడిచి రా.
వచ్చాక పట్టికని కింది నుంచి చదువు.
పైనున్న నాలుగు వేలు అందరికీ గుర్తే.
అట్టడుగున మొదటి నాణెం దేనికిస్తారో
అదీ ఆట."

నడిచాను. నది నల్లగా, ఎవరి లెక్కా అడక్కుండా పోతోంది.
తిరిగొచ్చి పాత కుర్చీలో కూర్చున్నాను,
కళావరు రెండుని భద్రంగా పట్టుకున్నాను.
అక్కడ మహారాజు. ఇక్కడ వట్టి రెండు.
వెర్నా ఏమీ అనలేదు.
కాఫీ కప్పు మూత తీసి, మళ్ళీ పెట్టింది.

పగలు డయాలసిస్ సెంటర్లో నాలుగు కుర్చీలు నావి.
ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి జరిగే ముందు
గ్లవ్స్ విప్పుతాను, చేతులు కడుగుతాను,
చార్టు మొదటి నుంచి చదువుతాను,
ఓర్టెగా గారికి మొన్న పెట్టింది నేనే అయినా సరే.
పదకొండేళ్ళలో ఒకరి లెక్క ఇంకొకరికి పెట్టలేదు.
ఆ జాగ్రత్త వంతెన దాటి రాలేదు.

ఏ రోటి దగ్గర ఆ పాట అంటారు.
పాట మార్చడం గొంతుకి తేలికే,
రోకలి పట్టిన చెయ్యే
పాత దెబ్బ వేస్తుంది.

ఈ రాత్రి రెళ్ళ ఆటకి ముందు
బాత్‌రూమ్‌లో మోచేతుల దాకా కడుక్కున్నాను.
పట్టిక కింది వరస: ఒకే రకం మూడు, ఒకటికి ఒకటి.
ముక్కలు పడ్డాయి.
డైమను తొమ్మిది, ఆటీను నాలుగు, కళావరు ఆరు, ఆటీను ఆసు,
చివర్లో ఇస్పేటు రాణి, నా వైపే చూస్తూ.

వదిలేశాను. ఐదూ.

కొత్తగా వచ్చినవాటిలో ఏమీ లేదు.
వెర్నా కళ్ళద్దాలు పైకి తోసుకుని
"సరిగ్గా ఆడావు" అంది.
ఐదు నాణేలు పోయాయి.
అవతల ఒడ్డున ఒంటిగంట కావస్తోంది,
ఐదున్నరకి మొదటి కుర్చీ.