పదకొండో రోజు

లాంగ్టన్‌లో సన్నటి ఏటవాలు వాన.
గేటు ముందు పీపాలో మేం కాలుస్తున్నవి
మా కప్పుల్ని ఓడరేవుకి మోయాల్సిన చెక్క పాలెట్లే.
ఆర్డర్లు లేక పేరుకున్నవి. బాగానే మండుతున్నాయి.

నాది కప్పులకు చెవులు అతికించే పని.
పంతొమ్మిదేళ్లు. గంటకి నూట ఎనభై.
"ఇన్నేసి చెవులు అతికించావు,
యజమానికో జత పెట్టలేకపోయావా?"
అని డోరీన్ టనిక్లిఫ్ నిన్న అందర్నీ నవ్వించింది.

ఇవాళ ఎవరం నవ్వలేదు.
బ్లోర్ గారి అబ్బాయి లెక్కల పుస్తకం పట్టుకుని
గొడుగైనా లేకుండా గేటు దాకా వచ్చాడు.
"మీరే చూడండి," అన్నాడు. చూశాం.
ఆ ఎర్ర సిరా అబద్ధం కాదు.
మా ఇంటి గ్యాస్ బిల్లూ కాదు.

మధ్యాహ్నానికి బట్టీ ఆపేశారు.
ఒకసారి చల్లారితే లోపలి ఇటుక బీటలు వారుతుందని
మా అందరికీ తెలుసు.
ఓటేసిన రోజూ తెలుసు.
నలభై ఒకటి, ముప్పై ఎనిమిది.
నేనెటు వేశానో ఇంట్లో కూడా చెప్పలేదు.

చీకటి పడ్డాక బ్లోర్ భార్య టీ పంపింది,
మేం చేసిన కప్పుల్లోనే.
తీసుకోవాలా వద్దా అని కాసేపు గొణుక్కుని
తీసుకున్నాం.
నా బొటనవేలు అలవాటు కొద్దీ
చెవి అతుకు దగ్గర తడిమింది.
గట్టిగానే ఉంది.