తాడు పట్టుకోవడం

మా అలజాని లోయలో
విందు బల్ల దగ్గర మాట్లాడటం కూడా ఒక వంటే.
విందుపెద్ద తమదా కొమ్ముపాత్ర ఎత్తుకుని లేచి
పోయినవాళ్ళ పేరున, పుట్టబోయేవాళ్ళ పేరున,
వాన పేరున, ఆడవాళ్ళ పేరున
గంటకో మాట వడ్డిస్తాడు.
పక్కవాడు దాని మీద కాస్త అక్రోటు పొడి చల్లి
ఇంకొకడికి అందిస్తాడు.
అలా తిరిగి తిరిగి మాట
నా మొగుడి దగ్గరికొచ్చి చల్లారిపోతుంది.

ఓతియా లేస్తాడు.
గ్లాసులోకి చూస్తాడు, అడుగునుంచి ఎవరో పిలిచినట్టు.
"నాదీ అదే మాట" అంటాడు.
కూర్చుంటాడు.

"బెల్లం కొట్టిన రాయిని కట్టుకున్నావే"
మా మేనత్త త్సియాలా నా చెవిలో గొణుగుతుంది.
ఆవిడ గుసగుస
బల్ల ఆ చివర పసిపిల్లల్ని నిద్రలేపుతుంది.

మొదటి అయిదేళ్ళూ సిగ్గుతో చచ్చాను.
తిరుగు దారిలో కారులో
నాలుగు ముక్కలు మాట్లాడితే నీ సొమ్మేం పోయిందని
ఊరొచ్చేదాకా సాధించాను.
అతను వైపర్లు వేశాడు.
వాన లేదు.

అతని పని ద్రాక్షసారా జాడీలు కడగడం.
మనిషికి మించిన మట్టి జాడీలు, మెడదాకా నేలలో పాతినవి.
ముందు తాడుకట్టి కొవ్వొత్తి దించుతాడు.
అది ఆరిపోతే లోపల గాలి మంచిది కాదు, దిగకూడదు.
వెలిగితే
చెర్రీ బెరడు కుంచె పట్టుకుని తనూ దిగుతాడు.
నడుముకి ఇంకో తాడు.
ఒకసారి లాగితే పైకి తియ్యమని.
రెండుసార్లు లాగితే బాగానే ఉన్నానని.

ఒక ఆగస్టులో సాయం కుర్రాడు బాద్రీకి జ్వరం.
తాడు పట్టుకోవడానికి నేనెళ్ళాను.

కాసేపు గీకుడు చప్పుడు.
ఆ తర్వాత నేల లోపల్నించి ఒక గొంతు,
పదకొండేళ్ళుగా నా పక్కన పడుకున్న గొంతే,
కానీ నిండుగా, తొందర లేకుండా:
"ఈ కుమ్మరిది ఎడమచేతి వాటం.
ఇక్కడ బొటనవేలు జారింది చూడు.
ఇక్కడ మధ్యలో లేచి అన్నానికెళ్ళాడు,
పైవరస మట్టి కొంచెం ఆరింది.
తిరిగొచ్చాక మనసు బాగాలేదు పాపం,
గోడ పల్చబడింది."
గంటసేపు.
నేను ఊఁ కొట్టడం కూడా మర్చిపోయాను.

పైకొచ్చాక మొహం కడుక్కుని
"ఆకలేస్తోందా" అన్నాడు, అంతే.

ఇక్కడ నేనొక తప్పు చేశాను.
కీలు దొరికిందనుకున్నాను.
మర్నాడు ఆడపడుచు నర్గిజాని, ఇద్దరు ఇరుగుపొరుగుల్ని
వెంటబెట్టుకెళ్ళి జాడీ చుట్టూ కూర్చోబెట్టాను,
రండి, మా ఆయన మాట్లాడతాడు వినండి అని.
ఆ పూట కుంచె మాత్రమే మాట్లాడింది.
ఆ చలికాలమంతా కూడా.

నెమ్మదిగా తెలిసింది, ఎవరూ చెప్పకుండానే,
అతనిలో మాటలు లేక కాదు,
నలుగురు చేరినచోట అతని కొవ్వొత్తికి గాలి చాలదు.
అది కోపం కాదు. పొగరూ కాదు.
నా మీద ఇష్టం తగ్గడం అంతకంటే కాదు,
ఇది నమ్మడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

అబద్ధమెందుకు, కొన్ని రాత్రులు నాకు మాటలు కావాలి.
అప్పుడు బతూమిలో చెల్లెలికి ఫోన్ చేసి
ఉల్లిపాయల ధర దగ్గర్నుంచి మొదలుపెడతాను.
అతను నా భుజాల మీద శాలువా కప్పి
పక్కగదిలోకి వెళ్ళి తలుపు సగమే వేస్తాడు.
ఆ సగం తెరిచి ఉంచడం
ఇదివరకు నేను చూసేదాన్ని కాదు.

పోయిన మార్చిలో త్సియాలా అత్త పోయింది.
సంతాపపు భోజనాలకి నూట నలభై మంది.
పాత్ర చేతులు మారుతూ, ఏడుస్తూ, పొగుడుతూ
ఓతియా దగ్గరికొచ్చింది.
లేచాడు. గ్లాసులోకి ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు.
"నాదీ అదే మాట."
కూర్చున్నాడు.

నా చెవి పక్కన ఈసారి గుసగుస లేదు.
కోటు అందుకోబోతూ
బల్ల కింద శాలువా కొస కదలడం గమనించాను.
ఒకసారి.
ఇంక లేద్దాం అనుకుంటూ ఉండగా
రెండోసారి.

నేను ఇంకో రొట్టెముక్క తుంచుకున్నాను.